అంబాసిడర్‌లో బోరు

బేతంచెర్లలో ఓబుళేశుకు కోపం వచ్చిందని ఎవరూ అనరు. వచ్చిపోయే చుట్టమైతే కదా, వచ్చిందనడానికి! అది ఆయనింట్లోనే కాపురం పెట్టింది. రైలు ఆలస్యమైతే రైలు మీద, వేళకు వస్తే వేళకు రాని తన కూలీల మీద. కరెంటు పోతే కరెంటు మీద, తిరిగి వస్తే "ఇంత పొద్దెక్కినాక వస్తాండావా" అని మళ్లీ దాని మీదే. స్టేషను రోడ్డులో ఆయనకొక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. పేరుకే ఫ్యాక్టరీ. ఉన్నది రెండు మిషన్లు, ఒక రేకుల షెడ్డు, పొద్దస్తమానం కాలవలో పారే తెల్లటి సుద్దనీళ్లు. ఆ మిషన్ల మోతను మించి వినబడేది ఆ షెడ్డులో ఒక్క యజమాని గొంతే.

అట్లాగని ఉత్తపుణ్యానికి వచ్చిన కోపం కాదది. ఓబుళేశు ఒకప్పుడు రైతు. ఊరికి పడమట తండ్రి వదిలిపోయిన పొలంలో చీనీతోట, అంటే బత్తాయి తోట, పెడదామనుకున్నాడు. తోటకు నీళ్లు కావాలి, నీళ్లకు బోరు కావాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లను పిలిపించాడు. ప్రతిసారీ టెంకాయ నిటారుగా లేచి నిలబడింది, నీళ్లు మాత్రం లేవలేదు. మొత్తం ఎన్ని బోర్లు వేశాడో ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఆయన్నే అడిగి తేల్చుకునే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆఖరి బోరు నాడు రిగ్గు బండి ఊరంతా అదిరేలా మోగి మోగి, గొట్టంలోంచి నీళ్లకు బదులు తెల్లటి రాతిపొడి ఊదింది. చూడవచ్చిన జనం అందరి నెత్తినా పడిందది. ఓబుళేశు నల్లటి మీసం ఒక్క నిమిషంలో ముసలివాడి మీసమైపోయింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. ఓబుళేశు వెనక్కి తిరిగి, మీసం మీది పొడి దులిపి, నిండు జనంలో అన్నాడు: "వినండప్పా అందరూ! ఇంగ ఈ జన్మలో నేను బోరు వేయిస్తే, ఈ మీసం గొరిగించుకుంటా!"

సీమలో మీసం మీద అన్న మాటను మింగడం కంటే మీసాన్నే మింగడం తేలిక. అందుకని ఆయన పొలాన్నే అమ్మేశాడు, ఆ వారం తిరక్కుండా. కొన్న మనిషి నీళ్ల జోలికి పోలేదు. రాయి కోసం తవ్వాడు. దొరికింది. పలకలు పలకలుగా, పట్టుచీర మడతల్లాగా నాపరాయి! ఇప్పుడు ఆ బండలే లారీలకెత్తుకుని ఓబుళేశు షెడ్డుకు పాలిష్‌కు వస్తాయి. తన పొలాన్ని తానే కూలికి రుద్ది, మెరుగు పెట్టి, ఎవరి నట్టింట్లోనో పరవడానికి పంపుతున్నాడాయన. చెప్పండి, మీకైతే కోపం రాదా?

ఆ షెడ్డు వెనక, పగిలిన బండల కుప్పల మధ్య, ఒక అంబాసిడర్ కారు ఉండేది. అది ఓబుళేశు తండ్రిది. శెనక్కాయలు విరగ పండిన ఏడు కొన్నాడట. పెద్దాయన దాన్ని రెండో గేరు దాటనిచ్చేవాడు కాదు. మూడో గేరు మదమెక్కినోళ్ల కోసం పెట్టినారని ఆయన గట్టి నమ్మకం. కర్నూలు నుంచి బేతంచెర్లకు రెండో గేరులోనే వచ్చేవాడు, దారి పొడవునా ఎడ్లబండ్ల వాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ. ఆయన పోయాక కారు ఆగింది. ఏళ్ల తరబడి దాని మీద సుద్ద పడి పడి, దూరానికి అది కూడా పాలిష్‌కు వచ్చిన బండలాగే కనిపించేది.

దాని మీద కన్నేసింది ఓబుళేశు కూతురు సుప్రజ. ముక్కు ఒక్కటే తల్లిది, మిగిలిందంతా తండ్రిదే, నోటితో సహా. రెండువేల ఆరు ఎండాకాలం, ఇంటరు మొదటి ఏడాది పరీక్షలు రాసి ఇంట్లో కూర్చుంది. మూడో పూటకే తోచక షెడ్డులోకి వచ్చి, కారు ముందు తలుపు పీకి పీకి తెరిచి, బానెట్టు ఎత్తింది.

"ఏయ్! దాన్ని ముట్టుకోవద్దు!" అని అరిచాడు ఓబుళేశు.

"ముట్టుకోకుండా ఎట్లా బాగుచేసేది?" అని అంతకంటే గట్టిగా అరిచింది సుప్రజ.

అట్లా మొదలైంది. పొద్దున పాలిష్ పని కూలీలకు అప్పజెప్పడం, తండ్రీ కూతుళ్లు కారు మీద పడడం. ఒకరు బోల్టు విప్పుతుంటే ఇంకొకరు అది విప్పే పద్ధతి కాదనడం. సుప్రజ తల్లి నాగలక్ష్మమ్మ బొరుగుల ఉగ్గాని గిన్నె పట్టుకుని వస్తే, ఇద్దరూ ఆమెతోనే మాట్లాడేవాళ్లు.

"అమ్మా, నాయనకు చెప్పు, పదకొండో నెంబరు పానా తనదగ్గరే ఉండాదని."

"నాగలక్ష్మీ, నీ కూతురికి చెప్పు, అది నేను రాత్రి నుంచి వెతుకుతాండానని."

పానా ఎక్కడుందంటే ఇద్దరి మధ్యా, ఇంజను మీదే ఉంది. నాగలక్ష్మమ్మ దాన్ని తీసి ఉగ్గాని గిన్నె పక్కన పెట్టి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే, పొలం పోయిన తర్వాత ఓబుళేశు అంత హాయిగా అరిచింది ఆ రోజుల్లోనే. ఆ అరుపులో రవంత పాట ఉండేది. సాయంత్రాలు పని ఆపాక కూతురికి ఆ కారు మోత నోటితో చేసి చూపించేవాడు. "గుడుగుడుగుడు... హుక్కా తాగినట్టు. మీ జేజినాయన సందు మొగదలకు రాగానే ఇంట్లో మాకు తెలిసిపోయేది" అనేవాడు. ఆ మోత ఒక్కసారి నిజంగా వినాలని సుప్రజకు పట్టుకుంది.

ఇంజను తిరగడం లేదు. హ్యాండిలు వేసి తిప్పితే హ్యాండిలే వంగింది. మెకానిక్ ఏసురాజును పిలిపించారు. ఏసురాజు మంగంపేట గనుల దగ్గర జీపులు బాగుచేసి, ఈ మధ్యనే బేతంచెర్లలో అంగడి పెట్టినవాడు. మంచి పనివాడే కానీ ఊరికి కొత్త. ఆ షెడ్డులో ఏ మాట అనకూడదో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంజను పైకప్పు విప్పి, లోపలికి టార్చి కొట్టి చూసి, ఏసురాజు తల గోక్కున్నాడు.

"ఏమప్పా, గుటకలు మింగుతాండావు? చెప్పు" అన్నాడు ఓబుళేశు.

"పిస్టన్లు పట్టేసినాయన్నా. అవి విప్పేది కష్టం కాదు. గోడలకు గీతలు పడిండాయి. ఇనుము మాత్రం బంగారం అనుకో. కర్నూలు తీస్కపోయి బోరు వేయిస్తే..."

ఆ మాటతో షెడ్డులో మిషన్లు కూడా ఆగినట్టయింది. సిలిండరు గోడలు అరిగితే లేత్ మీద చెక్కించి మళ్లీ గుండ్రంగా, నున్నగా చేయించడాన్ని మెకానిక్కులు బోరు వేయించడమనే అంటారు. ఓబుళేశుకది తెలియనిది కాదు. కానీ తెలిసిన చెవి వేరు, మండే చెవి వేరు.

"ఏమన్నావ్?"

"బోరన్నా. నాలుగు సిలిండర్లకు నాలుగు బోర్లు..."

ఓబుళేశు చేతిలో పానా ఎగిరింది. ఏసురాజుకు తగల్లేదు, పోయి పోయి పాలిష్ అయిన ఒక బండకు తగిలింది. అది నిలువునా పగిలింది. ఆ బండ ఎవరిదో, ఏ పొలందో గుర్తొచ్చి ఆయన కోపం రెండింతలైంది.

"నాలుగు! ఒగటి గాదు, నాలుగు! నా షెడ్డులో నిలబడి నాకే చెప్తాడు! పో అవతలికి! ఈ ఇంజనే వద్దు నాకు. డీజిల్ ఇంజన్ తెచ్చి కూర్చోబెడతా. మైలేజీ వస్తాది, కొండలెక్కుతాది. ఇది పాత ఇనుములోకి పోతాది!"

సుప్రజ ఇంజనుకు, తండ్రికి నడుమ వచ్చి నిలబడింది. "నాయనా, అది ఆ బోరు కాదు."

"బోరు బోరే!"

"అయితే క్లాసు బోరు కొట్టిందని నేనంటే, దానికీ మీసం తీయించుకుంటావా?"

"నోరు మూయ్!"

"డీజిల్ వేస్తే ఇది జేజినాయన బండి ఎట్లయితాది? తోలు ఆయనది, కడుపులో ఉండేది ఇంకెవుడో! ఇట్లా వేసేదానికి నేను చెయ్యి పెట్టను!"

"పెట్టొద్దు!"

"పెట్టను!"

ఏసురాజు తన సామాన్ల సంచి కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి సంగతి టీ అంగడికి చేరింది. ఇంజనులో వేసేది బోరు కిందికి వస్తుందా రాదా అని అక్కడొక పంచాయితీ. "ఇనుములో తొలిచేదానికీ భూమిలో తొలిచేదానికీ ఏం పొత్తప్పా?" అన్నాడొకడు. "ఆయప్ప భూమిలో అనలేదు కదా! బోరు అన్నాడు. నేను ఈ చెవులతో విన్నా" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు మంగలి అంగడి తీసే ఉందా అని తొంగి చూసి వచ్చాడు. అదే సమయానికి ఓబుళేశు టీకి వచ్చాడు. అందరూ ఒక్కసారిగా గ్లాసుల్లోకి చూడసాగారు. కానీ టీ తాగేవాడు గ్లాసులోంచి తలెత్తితే ఎదుటివాడి మీసమే కనబడుతుంది, ఏం చేస్తాం! ఓబుళేశు టీ తాగకుండానే తిరిగి వచ్చి, ఇంటి ఫోన్ నుంచి కర్నూలుకు ఫోన్ కొట్టాడు.

ఫోన్ కొట్టింది కంబన్నకు. కంబన్న కర్నూలులో పాత ఇంజన్ల వ్యాపారి. డీజిల్ ఇంజన్ తనే మినీ లారీలో తెచ్చి, కారులో బిగింపజేసి, పాతదాన్ని ఇనుము కింద తీసుకుపోతానన్నాడు. ఆ పోయే ఇంజన్ తూకంతో ఆగక కొలిమికి పోతుందని సుప్రజకు తెలుసు. ఒకసారి లారీ ఎక్కితే ఇక దాని మోత ఎవరూ వినబోరు. తండ్రి బయటికి వెళ్లాక ఆమె కూడా ఫోన్ ఎత్తింది. కాసేపు మాట్లాడి, పెట్టేసి, చాలా బుద్ధిమంతురాలిలా తల దువ్వుకుంది.

కంబన్న చెప్పిన రోజుకే వచ్చాడు. మడత నలగని చొక్కా, మనిషి కంటే ముందు వచ్చే నవ్వు. డీజిల్ ఇంజన్‌ను లారీ మీదే ఇనుప చట్రానికి బిగించి తెచ్చాడు. కూలీలు, దారిన పోయేవాళ్లు చుట్టూ చేరారు. కంబన్న తాళం తిప్పాడు. డగడగడగడగమని షెడ్డు రేకులన్నీ వణికాయి. నాగలక్ష్మమ్మ ఇంట్లోంచి చెవులు మూసుకుని వచ్చింది.

"సూసినావా అన్నా, గుర్రం! ఈ గుర్రాన్ని కట్టేస్తే నల్లమలెక్కి అటుపక్క దిగుతావు!" అన్నాడు కంబన్న.

ఓబుళేశు మొహం విప్పారింది. "ఆఁ. ఇదీ ఇంజనంటే!" అని కూతురి వైపు చూశాడు.

సుప్రజ లారీ దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, గుడిలో పూజారిని అడిగినట్టు మర్యాదగా అడిగింది: "కంబన్న మామా, ఈ ఇంజను ముందు యాడ ఉండేది?"

"శానా మంచి చోటనే ఉండింది పాపా! అనుమానం వద్దు. ఒక కాంట్రాక్టరు జీపుది. బండిని కొడుకును చూసుకున్నట్టు చూసుకున్యాడు."

"ఏం కాంట్రాక్టరు మామా?"

"రిగ్గు కాంట్రాక్టరు. ఈ చుట్టుపక్కల ఊర్లన్నిట్లో బోర్లు వేసింది ఆయనే! రిగ్గు ముందర పోతాంటే ఈ జీపు వెనకాల..."

కంబన్న చేతులు ఊపుతూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం మెల్లగా వెనక్కి జరిగారు, ఎద్దు తల వంచినప్పుడు జరిగినట్టు.

ఆ తర్వాత ఓబుళేశు అన్న మాటలు అచ్చు వేయదగ్గవి కావు. కంబన్న ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు, తర్వాత లారీ ఎక్కాడు. డీజిల్ ఇంజన్‌ను ఆపడానికి కూడా తీరిక దొరకలేదు పాపం, అది డగడగలాడుతూనే స్టేషను రోడ్డు దాటిపోయింది.

దుమ్ము అణిగాక ఓబుళేశు మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు."

"ఊఁ."

"తెలిసే అడిగినావు."

"ఫోన్లో చెప్పినాడు. అది నేను నీకు చెప్తే నన్ను తిడతావు. ఆయప్ప నోటితోనే వస్తే ఆయప్పను తిడతావు."

చుట్టూ ఎవరో ఒకరు నవ్వి ఉంటారు. ఆ వెనకాల నవ్వు అంటే ఆయనకు పడదు. "ఏ ఇంజనూ వద్దు!" అని గర్జించాడు. "బండినే ఇచ్చేస్తా! రేపే పాత ఇనుమోణ్ణి పిలిచి, చక్రాలతో సహా తూకానికి వేస్తా!"

సుప్రజ మొహంలో అల్లరి ఆరిపోయింది. ఇప్పుడు ఆమెకు వచ్చింది అసలు కోపం. అది అరుపుగా రాలేదు.

"ఇచ్చేయ్. పొలాన్ని కూడా ఇట్లే ఇచ్చేసినావు కదా. కోపం తగ్గేదాకా ఆగలేదు. కింద ఏముండాదో చూడలేదు."

ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఓబుళేశు చెయ్యి లేస్తుందనుకున్నారు అందరూ. లేవలేదు. ఆయన పోయి పగిలిన బండల కుప్ప మీద కూర్చున్నాడు. కూలీలు ఏదో పనున్నట్టు మిషన్ల దగ్గరికి పోయారు. మిట్టమధ్యాహ్నం రేకులు కాలుతున్నాయి, ఆయన లేవడం లేదు. సుప్రజ కారు వెనక సీటులో తలుపులు వేసుకుని కూర్చుంది, ఆమె కూడా దిగడం లేదు. ఆ ఎండలో ఎవరు ముందు ఉడికిపోతారో చూడాలన్నట్టు ఇద్దరూ పంతం పట్టారు.

నాగలక్ష్మమ్మ కొంగు దోపుకుని షెడ్డులోకి వచ్చింది. ఆమె అరవడం ఎవరూ ఎరగరు. ఆ రోజు కూడా అరవలేదు. కానీ ఆ మొహం చూసి ఒక కూలీ మిషను ఆపేశాడు.

"అన్ని బోర్లు వేసినావు, ఒక్కదానికి నన్ను అడిగినావా?" అంది మొగుడితో. "పొలం అమ్మినావు, అడిగినావా? మీసం మీద మాట ఇచ్చినావు, అది నా ఇంటి మీద పడింది. అదన్నా అడిగినావా? ఇప్పుడు నేను చెప్తాండా, విను. మాట నీది. ఇంజను మా మామది. బోరు బిడ్డ వేయించుకుంటాది. నీ మీసం జోలికి ఎవరూ రారు. లేసి అన్నం తిను."

తర్వాత కారు వైపు తిరిగి, "నువ్వూ దిగు. నాయనను నలుగురిలో నవ్వులపాలు చేసినావు, దాని సంగతి మళ్ల చెప్తా" అంది.

ఇద్దరూ లేచారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు.

మరుసటి వారం పాత ఇంజను బ్లాకు బండల లారీలో కర్నూలు ప్రయాణమైంది. ఏసురాజు వచ్చి విప్పి ఇచ్చాడు, తన సంచి తీసుకుపోయే నెపంతో. సుప్రజ డ్రైవరు పక్కన కూర్చుంది. "నేను బోరు కోసం రావడం లే. ఆడపిల్లను ఒంటరిగా పంపేదానికి లేదు కాబట్టి వస్తాండా" అని ఊరంతటికీ వినబడేలా చెప్పి ఓబుళేశు కూడా ఎక్కాడు.

లేత్ రంగన్నది కొండారెడ్డి బురుజు వెనక సందులో చీకటి గది. మాట తక్కువ మనిషి. బ్లాకును తడిమి చూసి, "ఏం చేయాల?" అని ఓబుళేశును అడిగాడు. ఓబుళేశు గోడ వైపు తిరిగాడు.

"బోరు వేయాల" అంది సుప్రజ.

"సరే" అని రంగన్న బ్లాకును మిషను మీదికెక్కించాడు.

ఓబుళేశు గోడ వైపు చూసింది కాసేపే. ఇనుము చెక్కే చప్పుడు వినగానే మెడ దానంతటదే తిరిగింది. "ఏమప్పా, బిగించినావా సరిగ్గా? ఆ పక్కకు వంకర పోతాండాది చూడు. నిదానంగా పో!" రంగన్న ఒకసారి ఓర్చుకున్నాడు. ఇంకోసారి ఓర్చుకున్నాడు. తర్వాత మిషను ఆపి, "పెద్దాయనా, బయట కూర్చో" అన్నాడు.

"మా నాయనను బయటికి పొమ్మంటావా? ఇంజను ఎవరిదనుకుంటాండావు?" అని లేచింది సుప్రజ.

"నువ్వూ బయట కూర్చో" అని రంగన్న ఇద్దర్నీ గడప దాటించి తలుపు జేరవేశాడు.

తండ్రీ కూతుళ్లు మెట్టు మీద కూర్చున్నారు. లోపల మోత మళ్లీ మొదలైంది. సన్నటి, పళ్లు జివ్వుమనే మోత. ఓబుళేశు చెవులు రెండూ తలుపుకే ఉన్నాయి.

"ఎంత లోతు పోయింటాడు?" అన్నాడు మెల్లగా. రిగ్గు పక్కన నిలబడి ఎన్నిసార్లో అడిగిన ప్రశ్న అది, దానంతటదే వచ్చేసింది.

"లోతు పోడు నాయనా. లోతు అంతే ఉంటాది. వెడల్పు చేస్తాడు, వెంట్రుక మందం."

"అంతేనా?"

"అంతే."

ఓబుళేశు కూతురి వైపు తిరిగాడు. "వెంట్రుక మందానికి ఇంత రాద్ధాంతం యాల చేసినావే?"

"నేనా చేసింది?"

"మళ్ల ఎవరు? కంబన్నను లారీ ఎక్కించింది ఎవరు?"

"పానా విసిరింది ఎవరు? బండ పగలగొట్టింది ఎవరు?"

సందులో పోయే రిక్షా ఆగి చూసింది. ఉన్నట్టుండి లోపల మోత ఆగిపోయింది. ఓబుళేశు చటుక్కున లేచి నిలబడ్డాడు. రిగ్గు మోత ఆగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆగినప్పుడల్లా చెడ్డ వార్తే విన్నాడు.

రంగన్న తలుపు తీసి చేతులు తుడుచుకున్నాడు. "ఒగటి బాగా వచ్చింది. మిగతా మూడు మరీ అంత చెడిపోలేదు. రుద్ది సరిపెట్టేదా, వాటికీ బోరు వేసేదా?"

నాలుగూ ఒక్క కొలత కాకపోతే ఇంజను కుంటుతుందని సుప్రజకు తెలుసు. చెప్పాల్సింది ఆమే. కానీ ఆమె చెప్పు మీద అంటిన మట్టిని ఎంతో శ్రద్ధగా గోకుతూ కూర్చుంది.

"పాపా" అన్నాడు ఓబుళేశు.

సుప్రజ రెండో చెప్పు మొదలుపెట్టింది.

"చెప్పండప్పా, కరెంటు పోతాది మళ్ల" అన్నాడు రంగన్న.

"వేయప్పా!" అని ఓబుళేశు అరిచిన అరుపుకు సందు చివర కుక్క లేచి కూర్చుంది. "అడిగేది ఏముండాది దాంట్లో? రుద్ది సరిపెడతాడంట! మూడూ వేయ్! చేతగాకపోతే పక్కకు జరుగు, నేనే వేస్తా!"

రంగన్న తలుపు మూసుకున్నాడు. సుప్రజ చెప్పు వదిలి నాయన మీసం వైపు చూసింది. మోత మళ్లీ మొదలైంది.